కొరియా దీపోత్సవ చరిత్రలో పిల్లల స్థానం

ఉపోద్ఘాతం

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఏటా బుద్ధ జయంతి సందర్భంగా జరిగే దీపోత్సవాన్ని ‘యొన్‌దుంగ్‌హ్వే’ అంటారు. దీపాలు వెలిగించే సభ అని ఆ పేరుకు అర్థం. కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకొని ఈ ఉత్సవానికి వస్తాయి. పిల్లలు తామరపూల ఆకారంలో కాగితపు లాంతర్లు తయారుచేస్తారు, వాటిని పట్టుకొని ఊరేగింపులో నడుస్తారు. ఈ దృశ్యాన్ని పర్యాటక యుగం తెచ్చిన కొత్తదనంగా భావించే అవకాశం ఉంది. చారిత్రక ఆధారాలు ఆ భావనను బలపరచవు. రాజ్యం ఈ ఉత్సవాన్ని విడిచిపెట్టిన తరువాత దానికి ఇల్లు, వీధి ఆశ్రయమిచ్చాయి. ఆ రెండు చోట్లా పిల్లలు వేడుకకు ప్రేక్షకులుగా కాక భాగస్వాములుగా కనిపిస్తారు. ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

రాజ్యం నిర్వహించిన ఉత్సవం

1145లో పూర్తయిన ‘సంగుక్ సాగి’ అనే చరిత్ర గ్రంథం శిల్లా రాజు గ్యోంగ్‌మున్ 866లో మొదటి నెల పదిహేనో రోజున హ్వాంగ్‌న్యోంగ్‌సా ఆలయానికి వెళ్లి దీపాలను దర్శించాడని నమోదు చేసింది. గొర్యో రాజవంశ స్థాపకుడు వాంగ్ గొన్ 943లో తన వారసులకు విడిచిన పది ఆదేశాలలో దీపోత్సవాన్ని కొనసాగించాలన్నది ఒకటి. సోంగ్‌జోంగ్ పాలనలో నిలిచిపోయిన ఈ ఉత్సవాన్ని 1010లో హ్యొన్‌జోంగ్ పునరుద్ధరించాడు. ఈ దశకు సంబంధించిన ఆధారాలలో రాజు, ఆస్థానం, ఆలయం ప్రధానంగా కనిపిస్తాయి. సామాన్య కుటుంబాల ప్రస్తావన అరుదు.

జెండాలు పట్టిన పిల్లలు

1451లో పూర్తయిన ‘గొర్యోసా’లో, గోంగ్‌మిన్ రాజు (1351–1374) కాలపు వృత్తాంతంలో ఈ చిత్రం మారుతుంది. చాంద్రమానం నాలుగో నెల ఎనిమిదో రోజు బుద్ధుని జన్మదినమనీ, ఆనాడు ఇంటింటా దీపాలు వెలిగించడం దేశాచారమనీ ఆ గ్రంథం చెబుతుంది. భారతదేశంలో బుద్ధ జయంతిని వైశాఖ పూర్ణిమనాడు జరుపుకోగా, కొరియాలో ఈ ఎనిమిదో రోజే స్థిరపడింది. ఆ రోజుకు కొన్ని వారాల ముందునుంచే పిల్లలు గుంపులుగా బయలుదేరేవారు. కాగితం కత్తిరించి గడలకు జెండాలుగా కట్టి, రాజధాని వీధుల్లో కేకలు వేస్తూ తిరిగి, దీపాల ఖర్చుకోసం బియ్యం, బట్ట అడిగి తెచ్చేవారు. ఈ ఆచారానికి ‘హోగి’ అని పేరు. రాజు స్వయంగా అంతఃపుర ప్రాంగణంలో హోగి ఆటను తిలకించి, బట్టను బహూకరించిన సందర్భం కూడా నమోదైంది.

ఇక్కడ గమనించవలసినది ఆర్థికాంశం. ఉత్సవానికి కావలసిన సామగ్రిని సమకూర్చడంలో పిల్లలకు సమాజం ఆమోదించిన పాత్ర ఉంది. వీధిలో వారి కేకలు రాబోయే పండుగను ముందుగా చాటే ప్రకటన కూడా అయ్యాయి.

ఇంటి దీపాల లెక్క

కన్ఫ్యూషియన్ సిద్ధాంతాన్ని ఆదరించిన జోసొన్ రాజ్యం తన తొలి దశలోనే అధికారిక దీపోత్సవాన్ని విరమించుకుంది. అయినా నాలుగో నెల దీపాలు ఆరిపోలేదు. పదిహేనో శతాబ్దికి చెందిన పండితుడు సోంగ్ హ్యొన్ తన ‘యోంగ్‌జే చోంగ్హ్వా’లో హోగిని వర్ణించాడు. పిల్లలు కాగితపు జెండాలతోపాటు చేపతోలుతో డప్పులు చేసుకొని వీధులు తిరిగేవారని రాశాడు. రాజ్యం బౌద్ధాన్ని ఆదరించకపోవడంవల్ల పూర్వవైభవం తగ్గిందని కూడా అతడే చెప్పాడు. రాజాశ్రయం పోయినా ఆచారం బతికే ఉందని చెప్పడానికి ఈ రెండు మాటలూ కలిసి సాక్ష్యమవుతాయి.

1849 నాటి ‘దోంగ్గుక్ సెసిగి’లో హోంగ్ సొక్‌మో మరింత వివరమిచ్చాడు. పండుగకు కొద్దిరోజుల ముందు ప్రతి ఇంటా దీపాల గడ నిలిపి, దాని కొనకు నెమలిజాతి పక్షి ఈకలు, రంగుల పట్టు జెండా కట్టేవారు. చిన్న ఇళ్లవారు దేవదారు జాతి కొమ్మలతో సరిపెట్టుకొనేవారు. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని దీపాలు వేలాడదీసి, అవి ప్రకాశవంతంగా వెలిగితే శుభమని నమ్మేవారు. మూలంలోని పదం కుమారులతోపాటు కుమార్తెలను కూడా కలుపుకుంటుంది. వంశక్రమంలో కుమారుడికే పట్టం కట్టిన సమాజంలో ఈ దీపాల లెక్క కూతురిని విడిచిపెట్టకపోవడం గమనార్హం. గడమీది జెండా పాత హోగికి మిగిలిన గుర్తు అని కూడా రచయిత భావించాడు. పిల్లలు ఆ గడ కింద చేరి రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు, ఆకుకూర తినేవారు. నీటి తొట్టిలో సొరబుర్ర బోర్లించి, దాన్ని వాయిస్తూ ఆడుకొనేవారు.

ఈ ఆధారాలకు ఒక పరిమితి ఉంది. వీటిని రాసినవారు అధికారులు, పండితులు. పిల్లలు తమ మాటల్లో చెప్పినది వీటిలో లేదు. వారి ఆట పెద్దల చూపులోంచి మాత్రమే కనిపిస్తుంది.

నేటి ఊరేగింపు

1955లో జోగ్యేసా ఆలయ పరిసరాల్లో వీధి ఊరేగింపు మొదలైంది. 1975లో బుద్ధ జయంతి ప్రభుత్వ సెలవుదినమయింది. 1996 నుంచి ఊరేగింపు తోంగ్‌దేమున్ నుంచి జోంగ్నో వీధి మీదుగా జోగ్యేసాకు సాగుతోంది. 2012లో కొరియా ప్రభుత్వం, 2020 డిసెంబరులో యునెస్కో ఈ ఉత్సవాన్ని అస్పృశ్య వారసత్వంగా అనే కన్నా, నిరాకార సాంస్కృతిక వారసత్వంగా గుర్తించాయి. కోవిడ్ కారణంగా వీధి ఊరేగింపు రద్దయిన సంవత్సరంలోనే ఈ అంతర్జాతీయ గుర్తింపు రావడం యాదృచ్ఛికం.

నేడు ఉత్సవం శిశుబుద్ధుని ప్రతిమకు స్నానం చేయించడంతో ఆరంభమవుతుంది. ఊరేగింపు ముగిశాక జనంపై కాగితపు పూరేకులు కురుస్తాయి. మరునాడు ఆలయం ముందరి వీధిలో సందర్శకులు లాంతర్లు తయారుచేస్తారు. హోగి పిల్లలు సామగ్రిని సేకరించి తెచ్చేవారు. నేటి పిల్లలకు కాగితం, జిగురు, చట్రం సిద్ధంగా అందుతాయి. సేకరించే బాధ్యత పెద్దల సంస్థలకు మారింది. తయారుచేసే పని మాత్రం పిల్లల చేతిలో మిగిలింది.

ముగింపు

దీపోత్సవం యజమానులు మారుతూ వచ్చారు. మొదట రాజ్యం, తరువాత కుటుంబం, ఇప్పుడు బౌద్ధ సంస్థలు దానిని నిర్వహిస్తున్నాయి. పద్నాలుగో శతాబ్ది నుంచి లభించే వర్ణనలలో పిల్లలు మళ్లీమళ్లీ కనిపిస్తారు. కాబట్టి వారసత్వ పరంపర కొనసాగుతోందా అనే ప్రశ్నకు ఊరేగింపు వైభవంలోనో సందర్శకుల సంఖ్యలోనో సమాధానం దొరకదు. ఉత్సవంలో పిల్లలకు చేయడానికి ఏ పని మిగిలి ఉందో చూడాలి. తాను అతికించిన లాంతరును తానే మోసుకెళ్లే పిల్లకు హోగి జెండాతో బంధుత్వం ఉంది. పెద్దల భుజాలమీంచి దీపాలను చూసి వెళ్లే పిల్లకు ఆ బంధుత్వం అందదు.