గాదెలో గింజలు

మగ పిండములో గర్భాశయమునకు మూలమైన ముల్లర్ నాళములను హరింపజేయు హార్మోను వృషణములలో పుట్టవలెనని 1947లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ జోస్ట్, కుందేటి పిండములపై పరిశోధించి తేల్చెను. అదే హార్మోను స్త్రీల అండాశయములందును కలదని తరువాత తెలిసినది. పుట్టుకతో వచ్చిన అండములు వయసుతో తరిగినకొలది రక్తములో దాని పాలు తగ్గును. కనుక అది తగ్గిన స్త్రీకి సంతానము కలుగుట కష్టమని పలువురు తలచిరి.

2017లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఈ తలంపును సరిదిద్దినది. అంతకుముందు వంధ్యత్వ మెరుగని, 30-44 ఏండ్ల 750 మంది స్త్రీలను పరిశీలింపగా, హార్మోను తక్కువైనవారును తక్కినవారివలెనే గర్భము దాల్చిరి. ఏలయన, నెలకు కావలసినది సాధారణముగా ఒక్క అండమే. హార్మోను తెలుపునది అండముల సంఖ్యను. వాని సత్తువను తగ్గించునది వయసు. గాదెలోని గింజల లెక్క మొలకను చెప్పగలదా?