ఆసవం – వెర్మూత్: అనకాపల్లి బెల్లం నేపథ్యంలో ఓషధీమద్యాల చరిత్ర

కీలక పదాలు: ఆసవం, అరిష్టం, గౌడి, బెల్లం, వెర్మూత్, అనకాపల్లి.

ప్రవేశిక:
శారదానది సమీపంలోని అనకాపల్లి దేశంలోని పెద్ద బెల్లం విపణుల్లో ఒకటి. వంటకాల్లోనే గాక, పులియబెట్టిన ఔషధాల్లోనూ బెల్లం ప్రధాన ద్రవ్యం. ఈ ఔషధాలైన ఆసవారిష్టాలను ఐరోపా వెర్మూత్‌తో పోలుస్తుంటారు. ఈ పోలిక ఎంతవరకు చెల్లుతుందన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

పదచర్చ:
‘వెర్మూత్’కు మూలం జర్మన్ భాషలోని ‘వేర్మూట్’. ఇది ఆర్టిమీసియా అబ్సింథియం అనే చేదు మొక్క పేరు. తెలుగువారెరిగిన మాచిపత్రి, దవనం ఈ ప్రజాతివే. అక్కడ మూలిక పేరే పానీయానికి పేరయింది. సంస్కృతంలో ‘ఆసవం’ పిండుట అనే అర్థంగల ‘సు’ ధాతువు నుండి, అంటే క్రియను బట్టి ఏర్పడింది. మనుస్మృతి పేర్కొన్న ‘గౌడి’ బెల్లాన్ని బట్టి వచ్చింది. ‘అరిష్టం’ అంటే హాని పొందనిది. అయితే తెలుగు వాడుకలో ఈ పదానికి కీడు అనే అర్థమే మిగిలింది. అమరకోశం శుభం, అశుభం రెండర్థాలనూ చెప్పింది.

గ్రంథ సాక్ష్యం:
చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం 84 ఆసవాలను, వాటికి ధాన్యం, ఫలం, మూలం, పుష్పం, శర్కర మొదలైన 9 ఆకరాలను పేర్కొంది. శార్ఙ్గధరసంహిత ప్రకారం మూలికలను కాచకుండా చేసేది ఆసవం, కషాయంతో చేసేది అరిష్టం. పరిమాణం చెప్పనిచోట ఒక ద్రోణం ద్రవానికి ఒక తుల (100 పలాలు) బెల్లం, అందులో సగం తేనె, పదోవంతు చూర్ణాలు చేర్చాలి. ధాతకీ పుష్పాలు పులియడానికి తోడ్పడతాయి. కనుక బెల్లం కేవలం రుచికోసం చేర్చినది కాదు. అది పులిసి మద్యాంశంగా మారి, మూలికల సారాన్ని ద్రవంలోకి దించుతుంది.

భేదం:
1786లో ట్యూరిన్ నగరంలో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో రూపొందించిన వెర్మూత్‌తో దాని ఆధునిక చరిత్ర మొదలైందంటారు. వెర్మూత్‌లో ముందే పులిసిన ద్రాక్షమద్యానికి మూలికల సారాన్ని, అదనపు మద్యసారాన్ని కలుపుతారు. ఆసవంలో మద్యాంశం మూలికల సాన్నిధ్యంలోనే పుడుతుంది. వెర్మూత్ క్రమంగా భోజనానికి ముందు తాగే పానీయమైంది. ఆసవం వైద్యుని అలమరలోనే నిలిచింది.

ఈ సరిహద్దు శాస్త్రచర్చకే పరిమితం కాదు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్ని ఆదేశిస్తూనే ఔషధ వినియోగాన్ని మినహాయించింది. మద్యాంశమున్న ఔషధాలపై సుంకానికి 1955లో ప్రత్యేక చట్టం వచ్చింది. మరోవైపు నల్లబెల్లం నాటుసారాకు ముడిసరుకన్న అనుమానానికి గురవుతూనే ఉంది. ఒకే బెల్లం ఒకచోట మందుగా, మరొకచోట నేరంగా కనిపిస్తున్నది.

ముగింపు:
వెర్మూత్‌ను ‘ఆసవం’ అని అనువదిస్తే ప్రక్రియాభేదం మరుగున పడుతుంది. ‘మూలికామద్యం’ అనడం సముచితం. ‘ఆసవం’ అన్న మాటను స్వయంగా పులిసిన ఔషధానికే నిలుపుకోవడం వల్ల బెల్లానికి వైద్యచరిత్రలో ఉన్న స్థానమూ స్పష్టమవుతుంది.