పాట ఎవరి ఖాతాలో? – 6వ భాగం: నేను మేనేజర్‌నైన సాయంత్రం



పోయిన భాగం చదివి చాలామంది "గ్రామఫోన్ రోజుల సంగతి సరే, మన క్యాసెట్ల కాలానికి ఎప్పుడొస్తారు?" అని అడిగారు. ఇవాళ అక్కడికే వస్తున్నాను. కాకపోతే చుట్టుదారిలో, ఒక కంప్యూటర్ గేమ్ మీదుగా వస్తున్నాను. కొంచెం ఓపిక పట్టండి.

నేను తెలుగు చెప్పే డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ కుర్రాడొకడు ఆ మధ్య స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. ప్రాజెక్టు కోసం గేమ్ తయారు చేస్తున్నాడట. అందులో కొట్టుకోవడం, కాల్చుకోవడం ఉండవు. ఆడేవాళ్ళు ఒక పాటల కంపెనీని నడపాలి. గాయకుల్ని వెతకాలి, రికార్డింగ్ చేయించాలి, పాట హిట్టయితే డబ్బొస్తుంది. "జానపదాల కంపెనీ పెడుతున్నా సార్. యూట్యూబ్‌లో ఇప్పుడు అవే కదా నడుస్తున్నయ్. మీరు పాటల మీద పీహెచ్‌డీ చేసిన్రు గదా, ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు.

"ఇలాంటి గేములు ఇంతకుముందు ఉన్నాయా?" అని అడిగాను. ఉన్నాయట, నేను పుట్టకముందు నుంచే ఉన్నాయట. నలభై ఏళ్ళ కిందటి కంప్యూటర్లను ఇప్పటి ల్యాప్‌టాప్‌లో నటింపజేసే ప్రోగ్రామ్ ఒకటి పెట్టి, రెండు పాత గేములు చూపించాడు. రెండూ ఇంగ్లండువే. ఆ సాయంత్రం కాలేజీ గేటు వేసేదాకా ఆడుతూనే ఉన్నాను.

ముందు ఆడింది 1988లో కోడ్‌మాస్టర్స్ వాళ్ళు తెచ్చిన 'రాక్ స్టార్ ఏట్ మై హ్యామ్‌స్టర్'. రెండేళ్ళ ముందు అక్కడి 'సన్' పత్రిక ఒక హాస్యనటుడు ఎవరిదో పెంపుడు చిట్టెలుకను తిన్నాడని మొదటి పేజీలో అచ్చేసింది. ఆ హెడ్డింగును వెక్కిరిస్తూ పెట్టిన పేరు ఇది. ఇందులో మనది మేనేజర్ పాత్ర. ఎదురుగా గాయకుల జాబితా ఉంటుంది. పేరున్న స్టార్ల పేర్లను వంకరగా తిప్పి పెట్టిన బొమ్మలు. ఖరీదైనవాళ్ళు ఉంటారు, చవకవాళ్ళు ఉంటారు. వాళ్ళతో బృందం కట్టి, రిహార్సల్స్ చేయించి, ఊళ్ళు తిప్పి, పేపర్లకెక్కడానికి చిల్లర వేషాలు వేయించి, ఏడాది తిరిగేలోపు నాలుగు గోల్డ్ డిస్కులు సాధించాలి.

మొదటిసారి ఉదారంగా ఆడాను, మునిగిపోయాను. రెండోసారీ అంతే. మూడోసారికి తెలివొచ్చింది. చవకగా దొరికేవాళ్ళనే తీసుకున్నాను. ఎక్కడ కోత పెట్టొచ్చో కన్ను దానంతటదే వెతకసాగింది. "సార్, మీరు భలే పిసినారి మేనేజర్" అని కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. పదిహేనేళ్ళుగా పాట పాడే చేతుల పక్షాన రాస్తున్నవాణ్ణి, ఆ కుర్చీలో కూర్చున్న గంటన్నరలోనే గాయకుణ్ణి ఖర్చు పద్దులో వేసేశాను. నా మనసు మారిందని కాదు, ఆట లెక్క అలా ఉంది. ఆ లెక్కలో గాయకుడు వాటాదారు కాడు, ఖర్చు.

రెండో గేమ్ నాలుగేళ్ళు ముందుది. 1984లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ కోసం వచ్చిన 'ది బిజ్'. దీన్ని తయారు చేసింది మాంచెస్టర్ వైపు పాటగాడు క్రిస్ సీవీ. ఇందులో మనం బ్యాండు పక్షం. ప్రాక్టీసు చేసుకుంటూ, కచేరీలు వెతుక్కుంటూ, కంపెనీల గుమ్మాలెక్కి దిగుతూ పాటను చార్టులో మొదటి స్థానానికి చేర్చాలి.

సీవీ ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగినవాడే. పెద్ద కంపెనీలు రానివ్వకపోతే రాజ్ అనే సొంత లేబుల్ పెట్టుకుని 'ద ఫ్రెషీస్' బ్యాండును నడిపాడు. మాంచెస్టర్‌లోని వర్జిన్ వారి పాటల దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి మీద ఆయన కట్టిన పాట 1981లో బ్రిటిష్ చార్టులో 54వ స్థానం దాకా వెళ్ళింది. పాటలో కంపెనీ పేరుందని బీబీసీ అభ్యంతరపెడితే ఆ మాట తీసేసి మళ్ళీ పాడాల్సి వచ్చింది. మూడేళ్ళకు 'ది బిజ్'ను అచ్చేసి అమ్మింది ఆ వర్జిన్ వారి గేముల కంపెనీయే. తర్వాత సీవీ పెద్ద కాగితపు గుజ్జు తలకాయ తొడుక్కుని ఫ్రాంక్ సైడ్‌బాటమ్ పేరుతో జనాన్ని నవ్వించాడు. 2010లో చనిపోయేనాటికి చేతిలో ఏమీ లేదు. అంత్యక్రియలకు అభిమానులు చందాలు వేసుకున్నారు. పాటల వ్యాపారంలో ఎలా గెలవాలో ఆట కట్టినవాడి బతుకు అలా ముగిసింది.

తెల్లవాడికే ఆ గతైతే, అతని కంటే ముందు అదే ఆటలో కూర్చోబెట్టబడిన నల్లవాళ్ళ సంగతి? ఇద్దరి కథ చెబుతాను.

బెస్సీ స్మిత్ 1923లో కొలంబియా కంపెనీకి పాడటం మొదలుపెట్టింది. ఆమె తొలి రికార్డు ఆర్నెల్లలో ఏడెనిమిది లక్షల దాకా అమ్ముడైందని చెబుతారు. కంపెనీ ఆమెకిచ్చింది మాత్రం అచ్చుకు పనికొచ్చిన ఒక్కో పాటకు 125 డాలర్లు. ఒప్పందంలో రాయల్టీ ఉండాల్సిన చోట గీత కొట్టేశారు. అంటే ఎన్ని అమ్మినా ఆమెకు ఖర్చు పద్దు ఒకేసారి. 1937లో కారు ప్రమాదంలో పోయింది. సమాధి మీద రాయి పడటానికి 1970 దాకా పట్టింది. ఆ రాయికి డబ్బిచ్చిన ఇద్దరిలో ఒకరు బెస్సీని వింటూ ఎదిగిన తెల్ల గాయని జానిస్ జాప్లిన్.

రెండో మనిషి సాలొమన్ లిండా. దక్షిణాఫ్రికా జూలూ మనిషి. చదవడం, రాయడం రాదు. జొహానెస్‌బర్గ్‌లో గాలో రికార్డు కంపెనీ గోదాములో సరుకు సర్దే కూలి. 1939లో తన బృందంతో ఆ కంపెనీ స్టూడియోలోనే 'ఎంబూబే' పాడాడు. ఎంబూబే అంటే సింహం. పాటకు ఆయనకు ముట్టింది పది షిల్లింగులు. ఆ రికార్డు ఆఫ్రికాలో లక్ష దాకా పోయింది. తర్వాత అమెరికా చేరింది. అక్కడ వీవర్స్ బృందం దాన్ని 'విమొవే'గా పాడినప్పుడు రచయిత పేరు దగ్గర 'పాల్ క్యాంబెల్' అని పడింది. అలాంటి మనిషి లేడు. 'సాంప్రదాయ' పాటల హక్కులు రాసుకోవడానికి వాళ్ళు వాడుకున్న ఉత్తుత్తి పేరది. 1961లో ఇంగ్లిషు మాటలతో 'ద లయన్ స్లీప్స్ టునైట్' అయ్యి అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. మరుసటి ఏడే లిండా పేదగా పోయాడు. 1994లో డిస్నీ వారి 'ద లయన్ కింగ్'లో ఆ పాట విన్నవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎందరు?

ఇక్కడొక మలుపుంది. బ్రిటిష్ సామ్రాజ్యపు 1911 కాపీరైట్ చట్టంలో ఒక చిన్న వాక్యం ఉంది. రచయిత హక్కులు అమ్మేసుకున్నా, అతను పోయిన పాతికేళ్ళకు అవి వారసులకు తిరిగొస్తాయని. ఆ లెక్కన 1987లో లిండా బిడ్డలకు పాట మీద హక్కు తిరిగొచ్చినట్టే. ఆ సంగతి అప్పుడు వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు ఈ కథంతా తవ్వి రాశాక, లాయర్లు ఆ వాక్యాన్ని పట్టుకుని 2004లో డిస్నీ మీద కేసు వేశారు. 2006లో రాజీ కుదిరింది. ఆ కూతుళ్ళకు పాత బాకీలోనూ, రాబోయే ఆదాయంలోనూ వాటా వచ్చింది. ఆటలో ఒక్క నియమం మారితే ఏమవుతుందో చూశారా? ఖర్చు పద్దులోని మనిషి వాటా పద్దులోకి వచ్చాడు.

ఇప్పుడు మా ఇంటికి రండి.

ఒక మాట ముందు. 'ది బిజ్' గేమ్ అప్పట్లో దొరికింది మామూలు ఆడియో క్యాసెట్టు మీదే. టేప్‌రికార్డర్‌ను కంప్యూటర్‌కు తగిలించి ప్లే నొక్కితే, కీచుమనే చప్పుడులోంచి ఆట లోపలికి దిగేది. కుర్రాడు ఆ ముచ్చట చెబుతుంటే నా కళ్ళ ముందు మరో క్యాసెట్టు మెదిలింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మండల కేంద్రంలో ఒకాయన క్యాసెట్ల దుకాణం వెనక గదిలో రికార్డింగ్ పెట్టాడు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉండేవి. మా వాడ నుంచి మా అమ్మతో పాటు నలుగురు ఆడవాళ్ళను పిలిపించి నాట్ల పాట పాడించుకున్నాడు. నేనూ వెంట పోయాను. నడుమ దగ్గానని బయట కూర్చోబెట్టారు. నలుగురికీ కలిపి మూడు వందలు, బస్సు చార్జీలు, చాయ. క్యాసెట్టు వచ్చాక చూస్తే అట్ట మీద బిందె పట్టుకున్న సినిమా పిల్ల బొమ్మ. లోపల "రచన: జానపదం. గానం: బృందం." దొరకి నాటేసిన మళ్ళెన్ని, కూలికి కొలిచిన మానికెలెన్ని అని లెక్క తీసే చరణం పాటలో లేదు. అది కోసేశాడు.

ఆయన్ను ఇక్కడ దొంగ అనడం లేదు. ఎంపీత్రీలు రాగానే ఆయన దుకాణమూ మూతపడింది. ఆయనా ఒక పెద్ద ఆటలో చిన్న మేనేజరే. నేను చెప్పదలచుకుంది నా గురించి.

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం చివర సేకరించిన గేయాల అనుబంధం ఉంది. అందులో మా అమ్మ పాట పద్నాలుగోది. వక్తల పట్టికలో ఆమె పేరుంది, వయసుంది, కులముంది, ఊరుంది. కర్త దగ్గర మాత్రం "అజ్ఞాతం" అని ఉంది. సేకర్త దగ్గర నా పేరు. జానపద సాహిత్య లక్షణాల్లో మొదటిది అజ్ఞాత కర్తృకత అని ఎంఏలో బట్టీ పట్టినవాణ్ణి. ఏటా పిల్లలకు అదే చెబుతున్నవాణ్ణి. ఎవరు కట్టారో పక్కనే కూర్చున్న అమ్మను అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆమె పాట వల్ల నాకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆమెకు దక్కింది వక్తల పట్టికలో ఒక వరుస.

2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట రాసినవాళ్ళూ, బాణీ కట్టినవాళ్ళూ హక్కులు అమ్ముకున్నా సరే, రాయల్టీలో సమాన వాటాను వదులుకోవడానికి వీల్లేదన్నారు. సినిమా హాల్లో ఆడటానికి మినహాయింపు ఉంది. మంచి సవరణే. జావెద్ అఖ్తర్ లాంటివాళ్ళు కొట్లాడి సాధించారు. కానీ ఆ వాటా అందుకోవాలంటే ముందు కర్త ఉండాలి. "రచన: జానపదం" అని ఉన్నచోట ఎవరికిస్తారు? 'జానపదం' పేరున బ్యాంకు ఖాతా లేదు కదా. పాల్ క్యాంబెల్‌కు కనీసం పేరైనా ఉంది.

కుర్రాడికి ఇదంతా చెప్పి, గేమ్‌లో రెండు మార్పులు చేయమన్నాను. ఒకటి, పాట తీసుకునే ముందు కర్త పేరు అడిగే గడి. అది నింపకపోతే ఆట ముందుకు కదలకూడదు. రెండు, గాయకులకు ఒకేసారి కూలి కాకుండా అమ్మకాల్లో వాటా.

వారానికి వచ్చాడు, మొహం వేలాడేసుకుని. "సార్, మీరు చెప్పినట్టు పెడితే కంపెనీ పదో వారానికే మునుగుతుంది."

"క్యాసెట్టు ధరలో దుకాణానికెంత, ప్రచారానికెంత పెట్టావు?"

చూపించాడు. వాటి జోలికి పోకుండా, మిగిలిన చిల్లరలోంచే పాడేవాళ్ళ వాటా తీశాడు. "వీళ్ళ వాటా పెరిగితేనే మునుగుతుందని ఎందుకనుకున్నావు? ఆ రెండిట్లో దేన్నైనా తగ్గించి చూశావా?" అన్నాను. తల గోక్కున్నాడు. ఇప్పుడు పద్దెనిమిదో వారం దాకా బతుకుతోందట. ఇంకా లెక్కలు కడుతున్నాడు. నేను ఒప్పుకోవాలి, ఎంత వాటా న్యాయమో నాకూ కచ్చితంగా తెలియదు.

మొదటి గడి సంగతి మాత్రం తేలింది. పోయిన ఆదివారం ఊరికెళ్ళినప్పుడు అమ్మను అడిగాను, పాతికేళ్ళు ఆలస్యంగా. "అమ్మా, గా నాట్ల పాట ఎవరు కట్టిన్రు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎవలేంది బిడ్డా? రాగం మీ నాయనమ్మ పుట్టినూరిది, ఆమె తెచ్చింది. మొదటి రెండు మీ మేనత్త కట్టింది. మానికెల లెక్క నాది. ఆఖరిది పక్కింటి పెద్దమ్మది, ఆమె పోయి పదేండ్లాయె. నువ్వు అడగలే, నేను జెప్పలే."

అజ్ఞాతం అని నేను రాసిన చోట నలుగురు ఆడవాళ్ళున్నారు. ఏ చరణం ఎవరిదో కూడా లెక్కుంది.

రాత్రే కుర్రాడికి ఫోన్ చేశాను. అతని గడిలో ఒక్క పేరే పడుతుందట. "పెద్దది చెయ్యి నాయనా, నలుగురు పట్టేట్టు" అన్నాను. నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేయడానికి సవరిస్తున్నాను. పద్నాలుగో గేయం దగ్గర ఆ నాలుగు పేర్లూ వస్తాయి. మిగిలిన గేయాల కోసం మళ్ళీ ఊళ్ళు తిరగాలి.

ఇది చదువుతున్న తెలుగు ఎంఏ పిల్లలకు, పరిశోధకులకు ఒక మనవి. మీ అనుబంధాల్లో "అజ్ఞాతం" అని ఉన్న పాటలుంటే, పాడిన మనిషి బతికుండగానే వెళ్ళి అడగండి. ఏం చెప్పారో కింద రాయండి. 7వ భాగంలో ఆ జవాబులతోనే మొదలుపెడదాం.