రాబడికి తేదీ లేదు, వాయిదాకు ఉంది: సూరత్ నేతన్నలు, ఆటో డెబిట్

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, ముఖ్యంగా లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో, తెలంగాణ నుంచి దశాబ్దాల క్రితం వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు స్థిరపడ్డాయి. వీరిలో అనేకులు మరమగ్గాలపై కూలికి నేస్తుండగా, కొందరు సొంతంగా మగ్గాలు పెట్టుకుని జాబ్ వర్క్ చేస్తున్నారు. వ్యాపారి ఇచ్చిన నూలుతో గ్రే క్లాత్ నేసి, మీటరు లెక్కన మజూరీ పొందడం ఈ పని పద్ధతి. ఆ సొమ్ము ఎప్పుడు అందుతుందన్నది బజారు మీద ఆధారపడి ఉంటుంది. దీపావళి సెలవుల్లో మగ్గాలు వారాల తరబడి ఆగిపోతాయి. మగ్గం కోసం తీసుకున్న రుణం వాయిదా మాత్రం ప్రతి నెలా ఒకే తేదీన ఖాతా నుంచి కోతపడుతుంది.

కోత ఎలా జరుగుతుంది?

రుణ వాయిదాలు ఎక్కువగా నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నిర్వహించే నాచ్ వ్యవస్థ ద్వారా వసూలవుతాయి. 2021 ఆగస్టు 1 నుంచి ఈ వ్యవస్థ ఆదివారాలు, సెలవు దినాల్లోనూ పనిచేస్తోంది. కనుక బ్యాంకు సెలవు ఉంది కదా అని ఒక రోజు ఆలస్యంగా డబ్బు వేస్తే వాయిదా తప్పే ప్రమాదం ఉంది. మొబైల్ రీచార్జి, బీమా వంటి చెల్లింపులకు 2020 జులైలో ప్రారంభమైన యూపీఐ ఆటోపే వాడుకలో ఉంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు, యూపీఐ ఆటో చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం అందాలి. ఆ సందేశాన్ని గమనిస్తే డబ్బు సర్దుకోవడానికి గానీ, చెల్లింపును నిలిపివేయడానికి గానీ వ్యవధి దొరుకుతుంది.

నిల్వ చాలకపోతే

ఖాతాలో సరిపడా సొమ్ము లేకపోతే బ్యాంకు ఒక రుసుము, రుణం ఇచ్చిన సంస్థ మరో రుసుము విధించవచ్చు. వాయిదా ఆలస్యం క్రెడిట్ నివేదికలో నమోదై, తర్వాతి రుణానికి అడ్డంకి అవుతుంది. 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం, నిల్వ లేక విఫలమైన ఎలక్ట్రానిక్ చెల్లింపుపై, చెక్కు బౌన్స్ కేసుల తరహాలోనే, నోటీసు అనంతరం కేసు పెట్టే వీలుంది.

చిన్న కోత తప్పినా నష్టం పెద్దదే కావచ్చు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం ఏడాదికి 436 రూపాయలు. ఏటా మే నెలాఖరులోగా ఇది ఖాతా నుంచి జమ కాకపోతే, జూన్ 1 నుంచి 2 లక్షల రూపాయల రక్షణ కుటుంబానికి ఉండదు.

ఏం చేయవచ్చు?

మొదటిది, కోతలన్నింటికీ ఒక ప్రత్యేక ఖాతా కేటాయించడం. మజూరీ అందిన రోజే, ఇంటి ఖర్చుకు ముందే, రానున్న వాయిదాల సొమ్మును అందులో వేయాలి. మంచి నెలల్లో కొంత అదనంగా వేస్తూ ఒక నెల వాయిదాల మొత్తం నిల్వ ఉండేలా చూసుకుంటే దీపావళి విరామం భారం కాదు.

రెండవది, వాయిదా తేదీని సాధారణంగా సొమ్ము అందే రోజుల తర్వాతకు మార్చాలని రుణదాతను కోరడం. అటల్ పెన్షన్ యోజనలో మూడు నెలలకు, ఆరు నెలలకు ఒకసారి చెల్లించే వీలు కూడా ఉంది.

మూడవది, మొత్తం మారుతూ ఉండే బిల్లులకు గరిష్ఠ పరిమితి పెట్టుకోవడం, లేదా వాటిని స్వయంగా చెల్లించడం. అవసరం లేని ఆటోపే అనుమతులను యాప్‌లోనే రద్దు చేయవచ్చు. అయితే అనుమతి రద్దయినంత మాత్రాన అప్పు రద్దు కాదు. వాయిదాను వేరే మార్గంలో గడువులోగా చెల్లించాల్సిందే.

నాలుగవది, రావలసిన సొమ్మును చట్టబద్ధంగా అడగడం. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు చెల్లించాలి. ఆలస్యంపై ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

రద్దు చేసిన అనుమతిపైనా కోత కొనసాగితే ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. 30 రోజుల్లో పరిష్కారం లభించకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు టోల్ ఫ్రీ నంబరు 14448.