చెవి ఇచ్చిన క్లూ: స్కానింగ్ లేని రోజుల్లో క్యాన్సర్‌ను ఎలా పట్టుకున్నారు?

ఒక మనిషికి కుడి చెవి దిబ్బడ వేసింది అనుకోండి. అదే వైపు కింది దవడలో నొప్పి. నోరు తెరిస్తే అంగిలి కూడా అటువైపు సరిగ్గా పైకి లేవట్లేదు. చెవికి ఒక మందు, పంటికి ఇంకో మందు వాడతాడు. అసలు జబ్బు మాత్రం ఆ రెండు చోట్లా లేదు!

ఈ మూడు గుర్తుల్నీ కలిపి చదివింది లండన్ యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్ సర్జన్ విల్‌ఫ్రెడ్ ట్రాటర్. 1911లో ఆయన రాసిన వ్యాసం ముక్కు వెనకాల, గొంతు పైభాగంలో దాక్కునే క్యాన్సర్ గురించి. ఇప్పుడు దాన్ని నాసోఫారింజియల్ క్యాన్సర్ అంటాం. ఆ మూడు గుర్తులకు 'ట్రాటర్స్ ట్రయాడ్' అని పేరు.

మరి ముక్కు వెనక కణితి వస్తే చెవి ఎందుకు మూసుకుపోవాలి? అక్కడి నుంచి మధ్య చెవికి యూస్టేషియన్ ట్యూబ్ అనే సన్నటి గొట్టం ఉంటుంది. విమానంలో గుటక వేస్తే చెవి 'టప్' మని తెరుచుకునేది దీనివల్లే. కణితి దాన్ని మూసేస్తే కర్ణభేరి వెనక నీరు చేరుతుంది, వినికిడి తగ్గుతుంది. అంగిలిని లేపే కండరం పక్కనే కాబట్టి అదీ దెబ్బతింటుంది. కణితి ఇంకా పైకి పాకితే పుర్రె అడుగుభాగం తగులుతుంది. దవడకు వెళ్లే నరం అక్కడి రంధ్రంలోంచే దిగుతుంది. అందుకే ఆ నొప్పి.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. మూడు గుర్తులూ కనిపించేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అందుకే తర్వాతి వందేళ్ల ప్రయత్నమంతా ఇంకా ముందే పట్టుకోవడం కోసం. 1964లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దొరికింది, రెండేళ్లకే ఈ క్యాన్సర్‌తో దానికున్న సంబంధం బయటపడింది. 1971లో లండన్‌లోనే మొదటిసారి పేషెంట్‌కి సీటీ స్కాన్ తీశారు. ఈ జబ్బు ఎక్కువగా ఉండే హాంకాంగ్‌లో 20 వేల మందికి పైగా మగవాళ్ల రక్తంలో ఆ వైరస్ డీఎన్ఏ కోసం వెతికి, చాలా కేసుల్ని తొలి దశలోనే పట్టుకున్నారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి.

మన దేశంలో నాగాలాండ్ లాంటి ఈశాన్య ప్రాంతాలు తప్పిస్తే ఇది అరుదు. చెవి దిబ్బడకు చాలాసార్లు జలుబే కారణం, కంగారు వద్దు. కానీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా జలుబు లేకుండా ఒకే చెవి వారాల తరబడి మూసుకుపోతే, చుక్కల మందుతో సరిపెట్టకండి. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ముక్కు వెనక కూడా ఒకసారి చూడమనండి.