ఇన్సాఫులోని సగపాలు

ఉర్దూలో న్యాయమునకు పేరైన ‘ఇన్సాఫ్’ అను పదము, సగమను అర్థముగల ‘నిస్ఫ్’ అను అరబ్బీ మాటకు తోబుట్టువని తెలిసిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. తగవులోనున్న సొత్తును ఎదుటివానితో చెరిసగము పంచుకొనుటయే ఇన్సాఫట! మన లోక్ అదాలత్తులలోని ‘అదాలత్’ పుట్టిన ధాతువునుండియే, ఒంటె వీపున ఇరువైపుల సరితూగ వ్రేలాడు బరువులలో ఒక్కొక్కదానికి ‘ఇద్ల్’ అను పేరు వచ్చినది. కావడి మోసినవానికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సగపాలుతో తృప్తినొందని మహానుభావుడు పారసీక తత్త్వవేత్త నసీరుద్దీన్ తూసీ. తాను విద్యనభ్యసించిన నీషాపూరు 1221లో మంగోలుల పాలబడి నేలమట్టము కాగా, ఖుహిస్తానులోని ఇస్మాయిలీల యాశ్రయమున నుండి, 1235 ప్రాంతమున పారసీ భాషలో ‘అఖ్లాఖె నాసిరీ’ అను నీతిగ్రంథమును రచించెను. సగము చేయవలెనన్నచో ఇరువురుండవలెను, నాది నీది యను భేదముండవలెను. ప్రేమయన్ననో ఆ యిరువురను ఒకటి చేయును. కనుక న్యాయము కూర్చునది కృత్రిమమైన యైక్యమనియు, ప్రేమ కూర్చునది సహజమైన యైక్యమనియు, జనులయందు ప్రేమయే నిండియున్నచో న్యాయముతో పనియే లేదనియు ఆయన వాదించెను. అంతటి రక్తపాతమును ఎరిగియు ఈ మాట వ్రాయగలిగిన గుండెకు నేను చేతులెత్తి మ్రొక్కుదును.

మూడున్నర శతాబ్దములు గడచినపిదప అక్బరు ఈ గ్రంథమును చదివించుకొని వినెను. ఆయన కుమారుడు జహంగీరు ఆగ్రాకోటలో 60 గంటలుగల బంగారు గొలుసును న్యాయార్థులకై వ్రేలాడదీయించెను. న్యాయమునకు గంటలు కట్టిరి. ప్రేమకు కట్టినవారు లేరు. గ్రంథములో పెద్దపీట వేయబడినది దర్బారులో మూలబడుట నాకు నేటికిని కష్టము కలిగించును.

తూసీకి ఒరవడి పెట్టినవాడు, 1030లో గతించిన మిస్కవైహి. బువైహీ రాజుల మంత్రియొద్ద గ్రంథాలయమును కాచిన యీ పండితుడు, స్నేహము గూర్చి అరిస్టాటిలు చెప్పినదానిని అరబ్బీలో చదివి, దానిని తన మసీదు వాకిటికి తెచ్చెను. మనుష్యవాచకమైన ‘ఇన్సాన్’ శబ్దము మరపునుండి పుట్టినదన్న కవిమాటను త్రోసిపుచ్చి, చెలిమియను అర్థముగల ‘ఉన్స్’నుండి పుట్టినదనెను. వీధివారు దినమునకు ఐదుమారులు, ఊరివారు శుక్రవారమున, చుట్టుపట్ల పల్లెలవారితో కూడి పండుగలకు, లోకమంతయు జన్మకొకమారు మక్కాలో కలిసికొనవలెనని ధర్మము విధించినది ఈ చెలిమిని పెంచుటకేనని వివరించెను. పండుగనాటి జనము పట్టుటకు విశాలమైన బయలు కావలెననియు ఆయనయే చెప్పెను. ఈద్గా ఊరి వెలుపల ఏల యుండునని చిన్ననాటినుండి నాకున్న సందేహము ఆ పుటతో తీరినది.