గెలిచాక బుట్ట ఎంత నింపాలి?

మొన్న శనివారం రాత్రి మళ్ళీ అదే పని. రెండింటిదాకా యూరోపా యూనివర్సాలిస్ 4. ప్రష్యాతో ఆడుతూ ఆస్ట్రియాని చితక్కొట్టాను. సంధి స్క్రీన్ వచ్చింది. ఆడినవాళ్ళకి తెలుసు, అది అచ్చం సూపర్ మార్కెట్ బుట్టే. ఒక్కో ప్రావిన్సుకీ ఒక రేటు, డబ్బుకి ఒక రేటు, వార్ స్కోర్ 100 అయ్యేదాకా వేసుకోవడమే. నేనూ నింపేశాను. పదిహేనేళ్ళ ట్రూస్ దొరికింది, హాయి అనుకున్నా. అది అయిపోయిన మరుసటి ఏడే ఆస్ట్రియా ఫ్రాన్సుని వెంటేసుకుని నా మీద పడింది. పక్కన కూర్చుని చూస్తున్న మా రూమ్మేట్ ఒకటే మాట అన్నాడు: "అంత మింగితే అరగద్దా అన్నా?"

పొద్దున్న కాఫీ తాగుతుంటే బిస్మార్క్ గుర్తొచ్చాడు. ఈ గేమ్ 1444 నుంచి 1821 వరకే కాబట్టి ఆయన ఇందులో ఉండడు. కానీ నిజం ప్రష్యా నిజం ఆస్ట్రియాని ఓడించినప్పుడు ప్రధాని ఆయనే.

1866 జులై 3న కోనిగ్రాట్జ్ దగ్గర ఒక్క రోజులో ఆస్ట్రియా సైన్యం దెబ్బతినిపోయింది. రాజు విల్హెల్మ్‌కి వియన్నా దాకా వెళ్ళాలని, ఆస్ట్రియా భూమి కొంత తీసుకోవాలని కోరిక. బిస్మార్క్ ససేమిరా అన్నాడు. రేపు ఇదే ఆస్ట్రియాతో అవసరం పడుతుందని ఆయన లెక్క. ఆగస్టులో ప్రాగ్ సంధి జరిగింది. వెనీషియా ఇటలీకి పోయింది, ఆస్ట్రియా కాస్త డబ్బు కట్టింది, జర్మన్ వ్యవహారాల్లోంచి తప్పుకుంది. ప్రష్యా మాత్రం ఆస్ట్రియా సొంత గడ్డలో ఒక్క అంగుళం ముట్టుకోలేదు. (అలాగని ఆయన సాధువేం కాదు. హనోవర్ లాంటి చిన్న రాజ్యాల్ని అదే ఏడాది మొత్తంగా మింగేశాడు.)

ఫలితం? 1870లో ప్రష్యా, ఫ్రాన్స్ కొట్టుకుంటే ఆస్ట్రియా తటస్థంగా ఉండిపోయింది. 1879లో ఏకంగా జర్మనీతో సైనిక ఒప్పందం చేసుకుంది. ఇదంతా బిస్మార్క్ మంచితనం వల్లే అనను. వియన్నాలో పగ తీర్చుకోవాలన్నవాళ్ళూ ఉన్నారు. 1867లో సమాన వాటా దక్కిన హంగేరీ వాళ్ళకి మాత్రం ఆ గొడవ అక్కర్లేదు. పైగా రష్యా భయం. కానీ పోయిన భూమి కళ్ళముందు కనబడుతూ ఉంటే ఈ కారణాలు ఇంత తేలిగ్గా పనిచేసేవి కావని నా అనుమానం.

ఎందుకంటే రెండో ఉదాహరణ కూడా ఆయనదే. 1871 ఫ్రాంక్‌ఫర్ట్ సంధిలో జర్మనీ ఫ్రాన్స్ నుంచి ఆల్సేస్, లోరెయిన్‌లో కొంత భాగం, 500 కోట్ల ఫ్రాంకులు తీసుకుంది. డబ్బుని ఫ్రాన్స్ 1873 కల్లా తీర్చేసింది. భూమిని మాత్రం మర్చిపోలేదు. పారిస్‌లో ప్లాస్ ద లా కాంకోర్డ్‌లో ఉన్న స్ట్రాస్‌బోర్గ్ నగరం విగ్రహానికి 1918 దాకా ముఖ్యమైన సందర్భాల్లో నల్లగుడ్డ కప్పేవారు.

మన గేమ్ ఏం చేస్తుంది? ఆక్రమణ వల్ల వచ్చిన కోపాన్ని ఒక అంకెగా రాసుకుని ఏడాదికింత చొప్పున తగ్గించేస్తుంది, కేష్‌కి ఎక్స్‌పైరీ పెట్టినట్టు. మరీ అన్యాయంగా మాట్లాడకూడదు, పోయిన భూమి మీద 'కోర్' హక్కుని అది చాలా ఏళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. కానీ ఎంత తీసుకుంటే ట్రూస్ అంత పొడుగు! తీసుకోకుండా వదిలేసినదానికి మాత్రం స్కోర్ ఎక్కడా లేదు.

1919లో బుట్ట ఫ్రాన్స్ చేతికొచ్చింది. 1871లో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించిన వెర్సాయ్ అద్దాల హాల్లోనే జర్మనీ చేత సంతకం పెట్టించింది. తన భూమి తను వెనక్కి తీసుకోవడమే కాదు, సార్ బొగ్గుగనులు కూడా తీసుకుంది. 21 ఏళ్ళకి జర్మన్ సైన్యం పారిస్‌లో ఉంది. 1945 తర్వాత కూడా మొదట్లో అదే ధోరణి, సార్‌ని జర్మనీ నుంచి విడదీసి తన చేతికింద పెట్టుకుంది.

లెక్క మారింది 1950 మే 9న. ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్, రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఒకే ఉమ్మడి సంస్థ కింద పెడదామన్నాడు. ఈయన తండ్రిది లోరెయిన్. 1871 సంధితో ఆ తండ్రి జర్మన్ పౌరుడయ్యాడు, కాబట్టి షూమన్ పుట్టుకతో జర్మన్ పౌరుడే. ఆ బుట్టలో పడ్డ కుటుంబంవాడే బుట్ట పక్కన పెడదామన్నాడన్నమాట. 1951లో ఆరు దేశాలు సంతకం పెట్టాయి. 1957లో సార్ జర్మనీలో కలిసింది. 1963లో డిగాల్, అడెనావర్ స్నేహ ఒప్పందం చేసుకున్నారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ రెండు దేశాల మధ్య యుద్ధం మాటే లేదు.

'ఓడినవాడితో కలిసి గని నడుపు' అనే బటన్ గేమ్‌లో లేదు. అందుకని పాత సేవ్ తెరిచి, ఈసారి బుట్ట సగమే నింపాను. ట్రూస్ తక్కువే వచ్చింది. రూమ్మేట్ మాత్రం "పిచ్చా అన్నా నీకు?" అన్నాడు :). ఆస్ట్రియా ఏమంటుందో వచ్చే శనివారం తెలుస్తుంది. మీరైతే ఎంత నింపేవారు?